గమనిక గడి

మదనపల్లె,
12 జూన్ 2006

చిరంజీవి ఫిలిప్‌కు,

అత్త సంతోషమ్మ రాస్తున్నది. నువ్వూ, కోడలు బీనా, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో నేను నాలుగు మాటలు చెప్పేలోపల "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు. నువ్వు కూడా ఉత్తరమే రాయి.

బాడుగ ఇళ్ళ వ్యవహారమంతా కంప్యూటర్‌లో చూసుకునే వెబ్‌సైటు ఒకటి తయారు చేస్తున్నానని, ఒకే వరసలో ఉన్న నా లైన్ ఇళ్ళు కూడా అందులో పెట్టమని పోయిన ఆదివారం అన్నావు. నాకు రోత పుట్టింది. ఎవరింట్లో కుళాయి కారుతుందో, ఎవరి గోడకు చెమ్మ ఎక్కిందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా ఇంటి సంగతి నేనే పోయి నెట్ సెంటర్లో చదువుకోవాలా?

అయినా ఒప్పుకుంటున్నాను. ఒకే ఒక్క పని కోసం. నాలుగో నంబరు ఇంట్లో ఉండే మునిరత్నమ్మ నీకు తెలుసు కదా, మగ్గం నేస్తుంది. వాళ్ళ కూతురు తేజస్వినికి పుంగనూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా పని దొరికింది. ఆ పిల్ల రోజూ బస్సులో పోయి వస్తూ వాడిపోతోంది. తల్లీకూతుళ్ళు పుంగనూరుకే మారిపోదామని చూస్తున్నారు. మునిరత్నమ్మ నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. "పుంగనూర్లో ఒక ఇల్లు సూసిపెట్టు నర్సమ్మా" అని నన్ను అడిగింది. నేను మాట ఇచ్చాను.

నేను ఆసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరయ్యాక ఈ లైన్ ఎందుకు కట్టించానో నీకు వేరే చెప్పక్కర్లేదు. క్షయ నయమై బయటికి వచ్చినవాళ్ళకు ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వరు. జబ్బు పోయింది, ఎవరికీ అంటదు అని డాక్టరు చెప్పినా వినరు. మొహాన తలుపేసి, ఆ తలుపు గొళ్ళేన్ని కూడా తుడుచుకుంటారు. నేను కళ్ళారా చూశాను. అట్లాంటి వాళ్ళ ఇళ్ళ ముందు నేను ఇంక నిలబడలేను. అందుకే నీ వెబ్‌సైటుతో ఆ పని అయితే చాలు. మునిరత్నమ్మకు పుంగనూరులో ఇల్లు దొరకాలి. మిగతా సోకులు నాకొద్దు.

టమాటా ధర పడిపోయి మండీ వెనక కుప్పలు కుప్పలుగా పారబోశారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఊరంతా పులిసిన కంపు. పాపకు జలుబు తగ్గిందా?

ప్రభువు మిమ్మల్ని కాపాడాలని రోజూ అడుగుతూ,
అత్త


కుప్పం,
21 జూన్ 2006

అత్తకు వందనాలు.

నీ ఉత్తరం చదివి బీనా, నేనూ నవ్వుకున్నాం. నవ్వొద్దన్నావు గనుక ఇంకాస్త ఎక్కువ నవ్వాం. పాపకు జలుబు తగ్గింది. ఇక్కడ కరెంటు పూటకొకసారి పోతోంది. నా కంప్యూటర్ సెంటర్లో నేర్చుకునేవాళ్ళ కంటే విసనకర్రతో విసురుకునేవాళ్ళే ఎక్కువ.

వెబ్‌సైటు దాదాపు తయారయింది. సమాచారమంతా దాచే పెద్ద కంప్యూటర్‌ను సర్వరు అంటారు. అది కొనే స్తోమత నాకు లేదు గనుక బెంగళూరులో ఒక కంపెనీ దగ్గర బాడుగకు తీసుకున్నాను. బాడుగ ఇళ్ళ వెబ్‌సైటు తానే బాడుగ ఇంట్లో ఉందని బీనా ఒకటే ఎగతాళి. ప్రతి ఓనరుకూ ఒక పేరు, ఒక పాస్‌వర్డు ఇస్తాను. ప్రతి ఇంటికీ ఒక పేజీ ఉంటుంది. ఎవరుంటున్నారు, ఎప్పటి నుంచి, ఏ రిపేరు ఉంది, ఎప్పుడు ఖాళీ అవుతుంది, అన్నీ అందులోనే. ఒక ఊళ్ళో ఖాళీ చేసేవాళ్ళ వివరాలు ఇంకో ఊరి ఓనర్లకు కనబడతాయి. మునిరత్నమ్మకు కావలసింది అదే.

పోయిన శనివారం పుంగనూరులో ఇంటి ఓనర్ల సంఘం వాళ్ళతో మీటింగు పెట్టాను. ప్రెసిడెంటు ఆంజనేయులు. బస్టాండు వెనక వరసంతా ఆయన ఇళ్ళే. నేను వెబ్‌సైటు తెరిచి చూపించాను. అంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "కులం గడి యాడుండాది?"

లేదన్నాను. "కులం తెలీకుండా ఇల్లెట్లా ఇచ్చేదప్పా? రేప్పొద్దున ఎవురొచ్చి దిగేది మాకేమి తెలుస్తాది?" అన్నాడు. పక్కనున్నాయన నీసు, మాంసం తింటారా లేదా అనే గడి కూడా పెట్టమన్నాడు. అట్లా అంటున్నాయన మీసానికి అప్పటికి ఇంకా బిర్యానీ మెతుకు అంటుకొని ఉంది. అయినా రెండు గడులూ పెట్టాను. సంఘం చేరకపోతే ఈ వెబ్‌సైటు ఇక్కడితో ఆగిపోతుంది, నేను మళ్ళీ టైపింగ్ నేర్పించుకుంటూ కూర్చోవాలి.

ఇంక నీ పని. నీ పేరు, పాస్‌వర్డు విడిగా చీటీలో రాసి పెట్టాను. మీ ఊరి నెట్ సెంటర్‌కు పోయి ఆరిళ్ళ వివరాలూ నింపు. చివర గమనిక అని ఒక గడి ఉంటుంది. బాడుగకున్నవాళ్ళ గురించి ఓనరు తన మాటల్లో రాసేది. సంఘంలో చేరిన ఓనర్లందరికీ అది కనబడుతుంది. మునిరత్నమ్మ గురించి అక్కడ నాలుగు మంచి మాటలు రాయి. మదనపల్లె నర్సమ్మ మాటంటే పుంగనూరులో కూడా విలువుంది.

నీ మేనల్లుడు,
ఫిలిప్


మదనపల్లె,
4 జూలై 2006

ఒరే ఫిలిప్,

దీవెనలు. కోపంగా ఉన్నాను, అయినా దీవెనలు.

బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌కు పోయాను. ఆ కీబోర్డును ఎవరూ పుట్టినప్పటి నుంచి తుడిచినట్టు లేదు. అక్షరాల మీద జిడ్డు, మధ్యలో బొరుగుల పొడి, ఒక మూల ఎవరిదో గోరు ముక్క. నా సంచిలో ఎప్పుడూ స్పిరిట్టూ దూదీ ఉంటాయి కదా, కూర్చొని ఒక్కో అక్షరం తుడిచాను. నెట్ సెంటర్ అతను "ఏందమ్మా, దానికి సూది వేస్తాండావా?" అన్నాడు. అతనికీ వేయాల్సిందే అన్నాను.

కులం గడి దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళు మనుషుల పుండ్లు కడిగినదాన్ని నేను. ఏ కులం చీము ఆ కులం రంగులో రాలేదు. ఆరిళ్ళకూ ఆ గడి ఖాళీగా వదిలేశాను. నీసు గడిలో మాత్రం అందరికీ "తింటారు, దొరికితే" అని రాశాను. ఆ ఓనర్లు అడగమన్నది అడిగి, పెట్టమన్నది పెట్టి వచ్చావే, మీ నాన్న కృపానందం ఉండుంటే ఆ గదిలో నుంచి లేచి వచ్చేసేవాడు. నాకు నీ మీద అసహ్యం వేసింది. రాయకుండా దాచుకోవడం నాకు చేతకాదు.

గమనిక గడి మాత్రం మంచిదే. అది నాకు నచ్చింది. తెలుగు అక్షరాలు రాలేదు గనుక ఆసుపత్రి ఇంగ్లీషులో రాశాను. డిశ్చార్జి చీటీ రాసినంత శ్రద్ధగా ఒక్కొక్కరి గురించీ రాశాను. ముఖ్యంగా మునిరత్నమ్మది. దాని మీద వేలు పెట్టి ఇది లోటు అని ఎవడూ చూపించలేడు. కింద నా పేరు, నా హోదా కూడా వేశాను. ఇంటికి వచ్చి మునిరత్నమ్మతో "ఈ నెల్లోనే ఇల్లు దొరుకుతుంది, సామాను సర్దుకో" అని చెప్పాను. ఆ మనిషి మగ్గం మీద నుంచి తలెత్తి నవ్వింది. ఆమె నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో.

బీనా చేసి పంపిన నిమ్మకాయ ఊరగాయలో ఉప్పెక్కువైంది. తింటున్నాను.

అత్త


కుప్పం,
29 జూలై 2006

అత్తకు,

వందనాలు. పోయినసారి నువ్వు వేసిన చీవాట్లు నాకు బాగా తగిలాయి. అందుకు తగ్గ పని చేశాననే అనుకుంటున్నాను. పూర్తిగా చదువు.

నువ్వు వివరాలు నింపిన మర్నాడే ఆంజనేయులు నాకు ఫోన్ చేశాడు. "నర్సమ్మ లైన్లో నుంచి ఎవురో మారతాండారంట కదా, మా ఇంటెనక పోర్షన్ ఉండాది, పంపించు" అన్నాడు. నేను సంతోషపడి ఆ వారంలోనే పోయాను. పోతే సున్నం కొట్టించాలన్నాడు, పది రోజులాగి రమ్మన్నాడు. ఆగి పోతే ఆ పోర్షన్లో వేరేవాళ్ళ చెప్పులున్నాయి. ఇంకో ముగ్గురు ఓనర్లను అడిగాను. ఒకాయన అల్లుడొస్తున్నాడన్నాడు. ఒకామె అసలు ఇల్లే లేదంది, నేను ఆ ఇంటి అరుగు మీదే నిలబడి ఉన్నాను. మూడో ఆయన ఇంట్లో ఉండి లేననిపించాడు.

కారణం నాకు అర్థమైపోయింది. కులం గడి ఖాళీగా ఉండటం. ఖాళీగా ఉందంటే ఏదో దాస్తున్నారని వాళ్ళ లెక్క. ఆంజనేయులు ఇంటికి పోయి మొహం మీదే అడిగేశాను. ఒక మనిషికి నీడ ఇవ్వడానికి కులం కావాలా అన్నాను. "అది కాదప్పా, నువ్వు ముందు సూడు..." అని ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు. వాళ్ళు చెప్పే సాకులు అప్పటికే చాలా విన్నాను.

ఆ సాయంత్రమే కూర్చొని కులం గడి, నీసు గడి రెండూ వెబ్‌సైటులో నుంచి పీకేశాను. వారం తిరగకముందే సంఘం నుంచి కబురు వచ్చింది, మీ వెబ్‌సైటు మాకొద్దు అని. పోతే పోయింది. అట్లాంటివాళ్ళ ఇళ్ళ లెక్కలు చూసి బతకడం కంటే టైపింగ్ నేర్పుకోవడం మేలు. నాన్న లేచి వచ్చేసేవాడన్నావు కదా. నేను కాస్త ఆలస్యంగా లేచాను, అంతే.

మునిరత్నమ్మకు ఇంకా ఇల్లు దొరకలేదు. సోమల వైపు నుంచి వచ్చి పుంగనూరులో స్థిరపడిన ఒకాయన ఉన్నాడు, ఆయన్ని కూడా అడుగుతాను.

ఫిలిప్


మదనపల్లె,
8 ఆగస్టు 2006

నాయనా ఫిలిప్,

నీ ఉత్తరం చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది. నువ్వు కృపానందం కొడుకువే. పక్కింటివాళ్ళకు కూడా చదివి వినిపించాను. ఈ ఉత్తరాన్ని అక్కడే ఆపగలిగితే ఎంత బాగుండేది.

నిన్న సాయంత్రం తేజస్విని స్కూలు నుంచి నేరుగా మా వసారాలోకి వచ్చి కూర్చుంది. ఇంటికి పోలేదు. నీళ్ళిచ్చినా తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి చెప్పింది. స్కూలు నడిపే కరెస్పాండెంటు ఆమెను గదిలోకి పిలిచి, కూర్చోమనకుండానే, "మీ ఇంట్లో జబ్బు ఉండాదంట కదమ్మా. పిల్లోళ్ళ అమ్మానాయన్లు అడుగుతాండారు. కొన్నాళ్ళు ఇంటికాడ ఉండు, మేమే పిలుస్తాము" అన్నాడట. ఆమె బయటికి వచ్చేటప్పటికి ఆమె చెప్పే రెండో తరగతిలో వేరే టీచరు పాఠం చెబుతోంది. ఆమె గ్లాసును ఎవరో తీసి కిటికీ బయట పెట్టారు.

గ్లాసు సంగతి చెప్పేటప్పుడే ఆ పిల్ల ఏడ్చింది. నాకు ఆ కరెస్పాండెంటు మొహాన ఉమ్మేయాలనిపించింది.

పుంగనూరులో ఆ తల్లీకూతుళ్ళను ఎరిగినవాళ్ళు లేరు. జబ్బు సంగతి అక్కడికి ఎవరు మోసుకుపోయారు? నిద్ర పట్టక ఆలోచించాను. అక్కడ వాళ్ళ గురించి మాట్లాడినవాడివి నువ్వొక్కడివే. మా అత్త క్షయ నయమైనవాళ్ళకు ఇళ్ళిస్తుంది, అంత గొప్పది, ఇంత గొప్పది అని ఆ ఆంజనేయులు ముందు నా గొప్ప చెప్పుకోబోయి వాగి ఉంటావు. నీకు చిన్నప్పటి నుంచీ నోట్లో నువ్వుగింజ నానదు. కోపంలో ఉన్నప్పుడైతే మరీ. మంచి పని చేసి వచ్చానని రాశావే, దాంతో పాటు ఏం చేసి వచ్చావో కూడా రాయి.

మునిరత్నమ్మకు ఇంకా ఏమీ తెలియదు. స్కూలుకు సెలవులిచ్చారని తేజస్విని అబద్ధం చెప్పింది.

సంతోషమ్మ


కుప్పం,
16 ఆగస్టు 2006

అత్తకు,

అత్త అని కాకుండా నీ పేరు రాసి సంతకం పెట్టావు. అది చూసి బీనా కూడా బాధపడింది.

నేను ఆ మాట ఎవరి దగ్గరా అనలేదు. పాప మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఆంజనేయులుతో జగడమాడిన రోజు కూడా కులం గురించే మాట్లాడాను తప్ప జబ్బు ఊసే ఎత్తలేదు. మరి వాళ్ళకెలా తెలిసిందని మొన్న రాత్రి వెబ్‌సైటు తెరిచాను. నీ ఆరిళ్ళ పేజీలూ మొదటిసారి చదివాను. నాలుగో నంబరు ఇంటి గమనిక గడిలో ఉన్నది తెలుగులో రాస్తున్నాను:

"క్షయ. పూర్తి కోర్సు మందులు వాడింది. తెమడ పరీక్ష మూడుసార్లూ నెగటివ్. బరువు బాగా పెరిగింది. ఎక్స్‌రేలో పాత మచ్చ తప్ప మరేమీ లేదు. ఇతరులకు అంటదు. నెమ్మదస్తురాలు, శుభ్రత గలది. సంతోషమ్మ, రిటైర్డ్ హెడ్ నర్స్."

మిగతా అయిదిళ్ళకూ ఇట్లాగే ఉంది.

అత్తా, అంటదు అనే మాట దాకా వాళ్ళెవరూ చదవలేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. పుంగనూరుకు ఫోన్ చేసి కనుక్కున్నాను, ఆంజనేయులు దాన్ని ప్రింటు తీసి సంఘం మీటింగులో చదివి వినిపించాడట. ఆ స్కూలు కరెస్పాండెంటుకు కూడా రెండు బాడుగ ఇళ్ళున్నాయి, ఆయనా ఆ మీటింగులో ఉన్నాడు. ఆంజనేయులు నాతో చెప్పబోయింది ఇదే. నేనేమో కులం అనుకొని ఊళ్ళో జగడాలాడి వచ్చాను.

అన్నీ తుడిచేశాను. వెబ్‌సైటులో ఇప్పుడు ఒక్క ముక్క కూడా లేదు. కాగితాలు మాత్రం ఎవరి చేతుల్లో ఎన్ని ఉన్నాయో తెలియదు. తప్పు నాది కూడా. గడి కట్టింది నేను, అందరికీ కనబడేటట్టు పెట్టింది నేను, అందులో నువ్వేం రాశావో చూడనిది నేను. కానీ నా నోటి మీద వేశావు చూడు, అది మాత్రం దిగమింగలేకపోతున్నాను.

ఫిలిప్


మదనపల్లె,
24 ఆగస్టు 2006

ఫిలిప్‌కు,

నిన్ను అన్నందుకు క్షమించు.

నేను ఎందుకు రాశానో చెబుతాను. సమర్థించుకోవడానికి కాదు. వార్డులో మూడో పరీక్ష కూడా నెగటివ్ అని చీటీ వచ్చిన రోజు మంచాల మీద నుంచి లేవగలిగినవాళ్ళంతా లేచి ఆ మనిషి చుట్టూ చేరేవాళ్ళు. వంటమనిషి కూడా వచ్చి చూసిపోయేది. ఒక మనిషి గురించి అంతకంటే మంచి మాట నాకు తెలియదు. నువ్వు మంచి మాటలు రాయమన్నావు, నాకు తెలిసిన మంచి మాట అది. జనం చెవులు కొరుక్కోవడం వల్లే వీళ్ళ బతుకులు ఇట్లా ఉన్నాయి, పరీక్షలు చేసినదాన్ని నేనే సంతకం పెట్టి చెబితే ఇంక ఎవరికీ అనుమానముండదు అనుకున్నాను. నా మీద నాకు ఎంత రోతగా ఉందో చెప్పలేను. అన్నం ముందు కూర్చుంటే ఆ కాగితాన్ని ఆంజనేయులు గొంతెత్తి చదవడం వినబడుతోంది.

మునిరత్నమ్మకు నేనే చెప్పాను. మగ్గం దగ్గర నిలబడి చెప్పాను. నేయడం ఆపలేదు. చెప్పడం అయ్యాక పోగు ఒకటి తెగితే ముడేసుకుంటూ, "నువ్వు మంచికే రాసింటావులే నర్సమ్మా" అంది. ముడి బిగించి, "ఇప్పుడు మేము యాడికి పోయేది?" అంది. ఈ లైన్లోనే ఉండమన్నాను. తల అడ్డంగా ఊపింది. నిన్నటి నుంచి పాలతను మా లైన్ గేటు బయటే పాలు పోసి పోతున్నాడు. ఆ కాగితం ఈ ఊరికి కూడా వచ్చినట్టుంది.

నిన్ను ఒకటి అడుగుతున్నాను. మీ మేడ మీద పోర్షన్ ఖాళీగా ఉంది కదా. దాన్ని మునిరత్నమ్మకు ఇవ్వు. తేజస్వినికి కుప్పంలో ఏదో ఒక స్కూల్లో పని దొరక్కపోదు. మగ్గం వేసుకోవడానికి ముందు గది సరిపోతుంది, నేను చూశాను. నేను చెడగొట్టింది నువ్వు సరిచెయ్యి. నువ్వు కాదనవని తెలుసు, అయినా అడగడం మర్యాద గనుక అడుగుతున్నాను.

అత్త


కుప్పం,
5 సెప్టెంబరు 2006

అత్తకు వందనాలు.

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. సెంటర్లో పని ఎక్కువగా ఉంది.

మేడ మీద పోర్షన్ ఇవ్వనని కాదు. ఉన్న విషయం నీకు చెప్పాలి కదా. మేడ మెట్లు మా వంటింటి పక్క నుంచే పోతాయి. నీళ్ళ ట్యాంకు ఇద్దరికీ ఒకటే. పాపకు ఇంకా ఏడాది కూడా నిండలేదు. జబ్బు తగ్గినవాళ్ళ నుంచి అంటదని బీనాకు తెలియక కాదు, చదువుకున్నదే. కానీ వాళ్ళమ్మ ఇక్కడే ఉంది, ఆవిడ ఒప్పుకోవడం లేదు. పసిపిల్ల ఉన్న ఇల్లు, భయం భయమే కదా అంటుంది. నాకైతే ఏ అభ్యంతరమూ లేదు.

ఒక పని చేద్దాం. మునిరత్నమ్మకు ఇంకొకసారి ఎక్స్‌రే తీయించి, డాక్టరు దగ్గర కాగితం రాయించి పంపిస్తే ఇంట్లో అందరికీ చూపిస్తాను. అప్పుడు నిదానంగా ఆలోచించవచ్చు. ఈలోగా గుడుపల్లె దగ్గర నాకు తెలిసిన రైతు ఒకాయన ఉన్నాడు, వాళ్ళ చేలో మోటారు షెడ్డు పక్కన ఒక గది ఉంది. ఊరికి దూరమే గానీ గాలి బాగుంటుంది. చుట్టుపక్కల ఎవరూ ఉండరు గనుక అడిగేవాళ్ళు కూడా ఉండరు.

బెంగళూరులో హాస్టళ్ళు నడిపే ఒకాయన వెబ్‌సైటు చూసి బాగుందన్నాడు. గమనిక గడిని ఇప్పుడు ఎవరిది వాళ్ళకే కనబడేటట్టు మార్చాను. నువ్వు నన్ను అర్థం చేసుకుంటావని నమ్ముతున్నాను.

ఫిలిప్


మదనపల్లె,
19 సెప్టెంబరు 2006

ఫిలిప్,

నీ ఉత్తరం ఒకసారి చదివాను. రెండోసారి చదవడం నావల్ల కాలేదు.

ఆంజనేయులు సున్నం కొట్టించాలన్నాడు. నువ్వు మెట్లు వంటింటి పక్కన ఉన్నాయన్నావు. ఆయన నయం. వెబ్‌సైటు కట్టి ఎవరికీ నీతులు చెప్పలేదు. బీనా మీద, వాళ్ళమ్మ మీద పెట్టకు. ఇల్లు నీ పేరున ఉంది. నీ భుజం మీద టీకా మచ్చ ఉంది చూడు, అది నేను వేసిందే. జబ్బుతో దగ్గేవాళ్ళ మధ్య రోజంతా తిరిగి, ఇంటికి వచ్చి స్నానం చేసి, నిన్నెత్తుకొని అన్నం తినిపించాను. అప్పుడు మీ నాన్న నన్ను ఎక్స్‌రే అడగలేదు. నువ్వు మునిరత్నమ్మను అడిగిన ఎక్స్‌రే నేను తీయించలేదు, తీయించను. పాపకు టీకాలన్నీ వేయించు. అది మాత్రం మర్చిపోకు.

నీ ఉత్తరం మునిరత్నమ్మకు చూపించలేదు. మా మేనల్లుడి ఇంట్లో ఏదో పని జరుగుతోంది, కొన్నాళ్ళు ఆగాలట అని చెప్పాను. ఆంజనేయులు చెప్పిన సాకు ఆమెకూ తెలుసు. ఆమె నా మొహంలోకి చూసి, "సున్నం కొడతాండారా నర్సమ్మా?" అంది. నేను లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాను. వయసులో ఉన్నప్పుడు ఎన్ని చావులు చూశానో, ఎప్పుడూ అట్లా కూర్చోలేదు.

నిన్న పొద్దున ఒక చిన్న లారీ వచ్చి లైన్ ముందు ఆగింది. మగ్గం అప్పటికే విప్పి కట్టి పెట్టుకున్నారు. నాకు ముందుగా చెప్పలేదు. తల్లీకూతుళ్ళు సామాను ఒక్కొక్కటే మోస్తున్నారు. సాయం పోయి బిందె అందుకున్నాను. "ఇల్లు యాడ దొరికింది మునిరత్నమ్మా?" అని అడిగాను. "దొరికిందిలే నర్సమ్మా" అంది. ఊరు పేరు చెప్పలేదు. బిందె ఎక్కించి మళ్ళీ అడిగాను. తేజస్విని తల్లి వైపు చూసింది. తల్లి ఇంకో మూట ఎత్తుకుంది, ఆ పిల్ల చాప చుట్టడంలో పడింది.

అంతా ఎక్కించాక మునిరత్నమ్మ ఇల్లు ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ చెయ్యి వదల్లేదు.

"నువ్వు నాకు మందు మింగిచ్చినావు, కూడు పెట్టినావు, ఎవురూ ఇయ్యనప్పుడు ఇల్లిచ్చినావు. నీ మింద నాకు కోపం లేదు. పుంగనూరు యాల అడిగినానో తెలుసునా? ఆడ నన్ను ఎరిగినోళ్ళు ఎవురూ లేరని. ఒక్కటే అడుగుతాండా నర్సమ్మా. ఇంక నా గురించి ఎవురికీ ఏమీ చెప్పొద్దు. మంచి కూడా చెప్పొద్దు."

చెప్పనన్నాను. ఆమె పోయి లారీలో కూతురి పక్కన కూర్చుంది. లారీ కదిలింది. మా వీధి చివర నుంచి ఒక రోడ్డు పుంగనూరుకు పోతుంది, ఇంకొకటి కదిరి వైపు పోతుంది. అది ఎటు తిరిగిందో చూడకుండా నేను లోపలికి వచ్చి తలుపేసుకున్నాను.

అత్త